మా రోజుల్లో పట్టాకు ఊపిరుండేది

మా రోజుల్లో బండి కొనేది తిరగడానికి. ఇప్పుడు కొనేది దాచడానికి. అబద్ధమనిపిస్తే ఓ ఆదివారం బెంగళూరు నుంచి హోసకోటె దాటి కోలారు రోడ్డు మీద కాస్త దూరం పోయి చూడండి, లేదంటే దేవనహళ్ళి అవతలికి. నిన్నటిదాకా రాగి పైరు ఊగిన చేలకు ఇనుప కంచె వేసి, గేటు దగ్గర ఓ రేకుల గది కట్టి, వాచ్‌మన్‌ను కూర్చోబెట్టి, నెలకింతని బండ్లకు అద్దెకిస్తున్నారు. యజమాని డల్లాస్‌లో ఉంటాడు, కారు ఇక్కడ గుడ్డ కప్పుకుని ఉంటుంది. ఆ వరసలో ఈమధ్య చేరినవి క్యారవాన్లు. చక్రాల మీద ఇళ్ళు.

మా మేనల్లుడూ ఒకటి కొన్నాడు. సర్జాపుర రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడిది. జీపు వెనక కొక్కేనికి తగిలించి లాక్కుపోయే రకం బండి. లోపల మంచాలు, పొయ్యి, చిన్న ఫ్రిజ్జు, మూలన మరుగుదొడ్డి. వీడొక్కడి పిచ్చే కాదులెండి. కర్ణాటక ప్రభుత్వం 2020 నాటి పర్యాటక విధానంలోనే క్యారవాన్ల మాట ఎత్తింది. కేరళ 2021లో వాటికోసమే ఒక విధానం తెచ్చింది. 2022లో మహీంద్రా వాళ్ళు ఐఐటీ మద్రాసు నీడన పెరిగిన ఓ సంస్థతో కలిసి బొలెరో మీద క్యాంపర్లు కట్టిస్తామన్నారు. గాలి అటు వీచింది, మావాడు అటు ఎగిరాడు. తీరా బండి ఇంటికొచ్చాక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు పార్కింగ్ గీత దాటితే ఒప్పుకోమన్నారు. బండి హోసకోటె చేలోకి పోయింది. ఇక అది రోడ్డెక్కేది పండగ సెలవుల్లో, అదీ వీడి ఆఫీసులో రిలీజు లేకపోతే. మిగతా కాలమంతా ముసుగే.

మా తాతకూ చక్రాల మీద ఇల్లుండేది. మదనపల్లె దగ్గర మా ఊళ్ళో దాన్ని గూడుబండి అనేవాళ్ళం. కదిరి తేరుకు పోవాలంటే వారం ముందునుంచే దాని సేవ మొదలు. ఇరుసుకు కందెన, లోపల వరిగడ్డి పరుపు, దాని మీద జంపఖానా, వెనక గిన్నెలు, బియ్యం మూట, పిల్లలం మేము. రాత్రి ఎక్కడ చీకటి పడితే అక్కడే ఎద్దుల్ని విప్పి, మూడు రాళ్ళ మీద అన్నం వండుకుని బండిలో పడుకునేవాళ్ళం. ఇప్పటివాళ్ళు ఇంగ్లీషులో ఏ పేరు పెట్టుకున్నా చేసేది ఇదే. తేడా అంతా తిరిగొచ్చాక ఉండేది. తాత బండిని కొట్టంలోకి తోసి, నొగ కింద ఊతకర్ర పెట్టి, గూడు మీది చాపల్ని విప్పించేవాడు. రెండు ఎండలు తగిలాకే అవి దూలానికి వేలాడేవి. గడ్డి పరుపు ఎద్దులకు పోయేది. వాడని వస్తువును మూసి పెట్టకూడదు, విప్పి పెట్టాలి. దీనికి ఎవరూ బడికి పోనక్కర్లేదు.

ఆ తర్వాత నేను బెంగళూరు చేరాను, దూరవాణినగర్ ఫ్యాక్టరీలో పని. స్కూటరు కోసం బుక్ చేసి ఏళ్ళకేళ్ళు కాచుకున్న తరం మాది. అంత కాచుకున్నాక వచ్చిన బండికి తొడుగు ఎట్లా ఉండాలి మరి? బిన్నీ మిల్లు ఖాకీ తెచ్చి, దర్జీని ఇంటికి పిలిచి, హ్యాండిల్‌కో కొలత, సీటుకో కొలత తీయించి కుట్టించుకునేవాళ్ళం. అద్దాలకు వేరే జేబులు. అంచులో నాడా. ఆ దర్జీ పెళ్ళికొడుక్కి కూడా అంత శ్రద్ధగా కొలతలు తీసుండడు. పొద్దున ఫ్యాక్టరీకి పోయేటప్పుడు తీయడం, సాయంత్రం ఇంజను చల్లారాక వేయడం. తొడుగు దినామూ గాలిలోకి వచ్చేది, బండీ వచ్చేది. బిన్నీ మిల్లు పోయింది, ఆ పేటలో ఇప్పుడు అంతస్తులు లేచాయి. ఆ అంతస్తుల కిందే ఇప్పుడు కార్లు ఆన్‌లైన్ తొడుగుల్లో మగ్గుతున్నాయి.

లారీవాళ్ళకైతే నూలు పట్టా. కలాసిపాళ్యం పక్క లారీ ఆఫీసుల ముందు నడిచిన వాళ్ళకు ఆ వాసన జన్మలో పోదు, మైనం, నూనె, తడి నూలు కలిసిన వాసన. ఇద్దరు మనుషులు ఎత్తితేగాని లేచేది కాదు. దాని పనితనం చెబుతాను వినండి. దారాల మధ్య కంటికి కనిపించని సందులుంటాయి. వాన పడగానే నూలు దారం నీళ్ళు తాగి ఉబ్బుతుంది, సందులు మూసుకుంటాయి, పైపెచ్చు మైనం నీటిని జారుస్తుంది. ఎండ రాగానే దారం సన్నబడి సందులు తెరుచుకుంటాయి, కింద చేరిన తేమ బయటికి పోతుంది. మనిషి నేసిన గుడ్డే, కానీ వానకూ ఎండకూ వేరువేరుగా నడుచుకునే గుడ్డ. తప్పులూ లేకపోలేదు. తడి పట్టాను అట్లాగే మడత పెట్టారా, వారానికల్లా నల్ల చుక్కలు పడి చివికిపోయేది. బరువుకు నడుములు పట్టేవి. అయినా దాని కింద బియ్యం బస్తాలు బెజవాడ నుంచి వచ్చేవి, మగ్గకుండా.

ఆ తర్వాత వచ్చింది నీలం ప్లాస్టిక్ పట్టా. తేలిక, చవక, ఒక్కడే మోసుకుపోవచ్చు. వడ్ల కుప్ప మీదికి, ఇల్లు కట్టేచోట సిమెంటు బస్తాల మీదికి అది బంగారమే, కాదనను. నాలుగు రోజుల పనికి పుట్టిన వస్తువు అది. దాన్ని తెచ్చి నాలుగు నెలలు బండికి చుట్టడమే నా ఏడుపు.

మావాడు ఏం చేశాడో చూడండి. ఫోన్‌లో చూసి, 'హండ్రెడ్ పర్సెంట్ వాటర్‌ప్రూఫ్' అన్న అక్షరాలు చూసి, వెండి రంగులో తళతళలాడే తొడుగు ఒకటి తెప్పించాడు. మే నెల వానలకు ముందు కప్పించాడు. "ఇంక చుక్క కూడా దిగదు మామా" అన్నాడు. నిజమే, చుక్క దిగలేదు. ఆగస్టులో తీసి చూస్తే లోపల పాత బావి వాసన. పరుపుల అడుగున నల్ల బూజు, బీరువా తలుపు ప్లైవుడ్డు ఉబ్బి మూత పడటం లేదు, పైకప్పు లోపల చేత్తో తుడిస్తే తడి. "యాడ కారిందో చూడాల మామా" అని టార్చి వేసుకుని కప్పంతా వెతికాడు. యాడా కారలేదప్పా. నీళ్ళు పైనుంచి రాలేదు, కిందనుంచి వచ్చాయి. పగలు తడి నేల ఆవిరి లేస్తుంది, లోపలి గాలిలోనూ తేమ ఉంటుంది. మన బెంగళూరు మూడు వేల అడుగుల ఎత్తున ఉంది, రాత్రి అయితే చల్లబడుతుంది. ఆ ఆవిరి ప్లాస్టిక్ అడుగున తగిలి నీటిబొట్లయి బండి మీదే పడుతుంది. పొద్దున మళ్ళీ ఆవిరి, రాత్రి మళ్ళీ బొట్లు. బయటికి దారి లేదు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ఇడ్లీ సంగతి గుర్తులేదా? మా అమ్మ ఇడ్లీ రేకుల మీద తడి గుడ్డ వేసేది. ఈ ఊరి హోటళ్ళలో కొందరు గుడ్డ తీసేసి ప్లాస్టిక్ షీటు వేస్తుంటే, 2025లో కర్ణాటక ప్రభుత్వం అది ఆరోగ్యానికి చెరుపని వద్దంది. ప్లాస్టిక్ మీద ఇడ్లీ అడుగున నీరు చేరి జిగురవుతుందన్నది మా అమ్మ చెప్పే మాట, ప్రభుత్వం చెప్పకపోయినా. బండికీ అదే గతి పట్టింది.

ఈ ఊరి వాతావరణాన్ని కొత్తగా వచ్చినవాళ్ళు ఏసీ అనుకుంటారు. చల్లగా ఉంది కదా, బండికేమవుతుంది అని. ఏడాదికి 900 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అది కూడా ఒక్క దఫా కాదు. మామిడికాయల కాలంలో ఉరుములతో ఒక విడత, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరుల్లో అసలు వాన. డిసెంబరు, జనవరిల్లో దేవనహళ్ళి పక్క పొగమంచుకు విమానాలే ఆగుతాయి, నీ బండి మీద మంచు కురవదా? ఇక ఫిబ్రవరి నుంచి ఎండ. ఒంటికి సెగ తెలియదు కాబట్టి ఎండ లేదనుకుంటాం, కానీ ఈ ఎత్తున అతినీలలోహిత కిరణాలు గట్టిగానే దిగుతాయి. ప్లాస్టిక్‌కు కావలసిన మందు కలపకపోతే ఆ కిరణాలకు పెళుసెక్కి, చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. టైర్ల పక్కలు పగులుతాయి. అందుకే తొడుగు ఒకటి కొని చేతులు దులుపుకుంటే చాలదు, చక్రాలకు వేరే గుడ్డ కట్టాలి. చాలామంది ఒళ్ళంతా కప్పి కాళ్ళు ఎండకు వదిలేస్తారు.

ఇక కొత్త గుడ్డల సంగతి. నేను కొత్తదంటే మూతి ముడిచే రకాన్నని మా ఇంట్లో అభిప్రాయం. కానీ ఇప్పుడొస్తున్న పాలీప్రొపిలీన్ నేయని గుడ్డ మంచిదే. కోవిడ్ రోజుల్లో మూతికి కట్టుకున్న మాస్కు గుడ్డ ఆ జాతిదే. నీటిచుక్క నిలుస్తుంది, ఆవిరి దాటిపోతుంది. మంచి తొడుగుల్లో కప్పు మీదికి వచ్చే భాగం మూడు నాలుగు పొరలు, పక్కలకు పలచన. ఎండా వానా నెత్తినే కదా పడేది. అట్లా కాకుండా నలువైపులా ఒకటే మందం ఉంటే, కుట్టినవాడు బండిని చూసి కుట్టలేదు, లెక్క చూసి కుట్టాడని అర్థం. గుడ్డ బరువును జీఎస్ఎం అని అంకెల్లో రాస్తారు, ఒక చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములో చెప్పే లెక్క. అంకె పెద్దదైతే మంచిదని మావాడి నమ్మకం. బరువైన ప్లాస్టిక్ కూడా ప్లాస్టికే కదరా.

అక్షరాలు చదివి కొనే కాలం ఇది. మా రోజుల్లో గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి, వెలుతురుకు పట్టి చూసి, బేరమాడి కొనేవాళ్ళం. చిక్కపేటలో అంగడివాడు మన వేళ్ళ వైపు చూసి ధర చెప్పేవాడు. సరే, అంగడికి పోరు, ఇంటికొచ్చిన గుడ్డనైనా పరీక్ష చేయొచ్చు కదా. మావాడి ఎదురుగానే చేసి చూపించాను. మా ఆవిడను పిలిచి పొగలు కక్కే ఫిల్టర్ కాఫీ ఒక లోటాలో పోయించాను. దాని మూతికి వాడి వెండి తొడుగు మూలను బిగించి పట్టుకుని, పైన గాజు గ్లాసు బోర్లించాను. ఎంతసేపు చూసినా గ్లాసు అద్దంలా నిర్మలం. తొడుగు ఎత్తితే అడుగున నీటిబొట్లు వరసగా వేలాడుతున్నాయి, ఒకటి రాలి కాఫీలో పడింది. అదే చోట నేయని గుడ్డ సంచి ముక్క పెట్టాం. గ్లాసు లోపల క్షణాల్లో మంచు పట్టింది. ఆ తర్వాత అదే ముక్క మీద చెంచాడు నీళ్ళు పోశాను, ముత్యాల్లా నిలిచాయి. "ఇది యూట్యూబ్‌లో పెట్టాల మామా" అన్నాడు. కాఫీ చల్లారిపోయిందని మా ఆవిడ వేరే గోల.

కొలతల దగ్గర ఇంకో తంటా. బండి కాగితాల్లో రాసిన పొడవులో ముందుండే లాగుడు కడ్డీ కూడా కలిసి ఉంటుంది చాలాసార్లు. తొడుగుకు కావలసింది ఒంటి పొడవు. వెనక నిచ్చెన, స్పేరు చక్రం ఉంటే అవి కలుపుకోవాలి, కడ్డీని వదిలేయాలి. మావాడు కాగితం చూసి ఆర్డరిచ్చాడు, తొడుగు తమ్ముడికి అన్న చొక్కాలా వదులు. వదులైతే ఏం, కొంచెం గాలాడుతుంది కదా అన్నాడు. గాలాడదు, గాలికి ఆడుతుంది. మే నెల ఈదురుగాలికి రేయింబవళ్ళు టపటప కొట్టుకుంటుంది. ఈ ఊళ్ళో ఎక్కడ చూసినా తవ్వకాలే, ఎర్రదుమ్మూ సిమెంటు ధూళీ దాని కింద చేరతాయి. ఒక్కో టపాకు ఒక్కో గీత. ఫైబర్ మెరుపు పోతుంది, కిటికీల అక్రిలిక్ మసకబారుతుంది. ఉప్పు కాగితంతో రోజంతా రుద్దినట్టే. అందుకే బండిని కడిగి, బాగా ఆరాకే కప్పాలి. కడగకుండా కప్పేవాడికంటే కప్పనివాడు నయం.

బిగింపుకు మావాడి వాచ్‌మన్ ఓ ఉపాయం చేశాడు. నాలుగు మూలలా తాళ్ళు కట్టి ఇటుకలు వేలాడదీశాడు. గాలికి ఇటుక ఊగి బండి పక్కనే కొడుతుంది, గుడి గంటలా. పొట్ట కింది నుంచి పట్టీలు తీసి బకిల్ వేయడమే పద్ధతి. కిందికి దూరి పాకక్కర్లేదు. పట్టీ కొసకు ఒక చిన్న ఇసుక సంచి కట్టి అటువైపు విసిరితే సరి. కప్పు మీద ఏసీ పెట్టె, గాలి గూడు, గొడుగు కడ్డీ మూలలు ఉంటాయి. మొదట చిరిగేది అక్కడే. పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి ఆ మూలలకు తొడిగితే తొడుగు ఆయుష్షు పెరుగుతుంది. కప్పు చదునుగా ఉంటే నీళ్ళు నిలుస్తాయి, మధ్యలో దూలంలా ఒకటి పెట్టి వాలు చేయాలి. తలుపు వైపు జిప్పు ఉన్న తొడుగే తీసుకోవాలి, లేకపోతే లోపలికి పోవాలంటే మొత్తం విప్పాలి కాబట్టి ఎవడూ పోడు.

లోపల ఏం చేయాలో తొడుగు అమ్మేవాడు చెప్పడు. కప్పు గాలిగూడు ఒక వేలెడు తెరిచి పెట్టాలి, దానికి జాలీ ఉండాలి. బీరువాల తలుపులు తీసి, పరుపులు నిలబెట్టి, ఫ్రిజ్జు తలుపు మధ్య గుడ్డ ముడి ఇరికించాలి. గ్యాసు కట్టేయాలి, బ్యాటరీ తీగ విప్పాలి. తినేది పలుకైనా మిగలకూడదు. చేల మధ్య ఎలుకలకు ముసుగేసిన బండి కంటే మంచి సత్రం లేదు, వైర్లు కొరికి పారేస్తాయి. బొగ్గులు ఓ చిన్న బుట్టలో పెట్టమంటే మావాడు నవ్వాడు. తేమ పీల్చే డబ్బాలంటూ ఆన్‌లైన్‌లో మళ్ళీ ఏదో కొన్నాడు.

చోటు సంగతి కూడా తొడుగు సంగతే. చెట్టు నీడన పెడితే బాగుంటుందని మావాడు అడిగాడు. బెంగళూరు చెట్ల మీద నాకు గౌరవముంది. లాల్‌బాగ్ నడిపిన క్రుంబీగల్ దొర ఏడాది పొడవునా ఏదో ఒకటి పూసేట్టు చెట్లు ఏరి నాటించాడంటారు, ఆ తురాయిల కిందే మా యవ్వనం నడిచింది. కానీ బండి దాచడానికి చెట్టు కింద కాదు. జిగురు కారుతుంది, పిట్టలు, గబ్బిలాలు తమ పని తాము చేస్తాయి, గాలివానకు కొమ్మలు విరిగిపడతాయి. బయలే నయం. బయల్లో కూడా కింద ఎండుగడ్డి ఉందా లేదా చూసుకోవాలి. 2019 ఫిబ్రవరి 23న యలహంకలో ఏరో ఇండియా జరుగుతుండగా పార్కింగ్ మైదానంలో మంటలు లేచి దాదాపు 300 కార్లు బూడిదయ్యాయి. మంటను కారు నుంచి కారుకు మోసింది ఆ ఎండుగడ్డే. పల్లం కూడా చూసుకోవాలి. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు పక్క విల్లాల ముందు ఖరీదైన కార్లు మునిగి, వాటి యజమానులు ట్రాక్టర్లెక్కి బయటపడ్డారు. చెరువు జాగాలో నిలిపిన బండికి ఏ తొడుగు కప్పినా ఒకటే. మా తాత కొట్టానికి సాటి లేదు. ఇప్పటి లెక్కలో రేకుల షెడ్డు అనుకోండి. నెత్తిన రేకుంటే దుమ్ముకు పాత నూలు దుప్పటి చాలు, ఈ గొడవే లేదు. షెడ్డుకు అద్దె ఎక్కువని మావాడు బయల్లో పెట్టాడు. బూజు పట్టిన పరుపులు మార్చడానికి ఎంతైందో అడిగితే మాట మార్చాడు.

చివరికి ఈసారి నా మాట విని కొలతలు తీయించి, పైన పొరలున్న, పక్కలకు గాలి రంధ్రాలు, తలుపుకు జిప్పు ఉన్న లేత రంగు తొడుగు తెప్పించాడు. వచ్చిన రోజే లోటా పరీక్ష తనే చేసి వీడియో పంపాడు. సంతోషం. నేనొక్కటే అడిగాను, ఆయుధపూజకైనా తొడుగు తీస్తావా అని. ఈ ఊళ్ళో సైకిలు మొదలు బస్సు దాకా ఆ రోజు కడిగి, అరటి పిలకలు కట్టి, బూడిద గుమ్మడికాయ పగలగొట్టని బండి ఉండదు. వానల మధ్యలో పడుతుంది ఆ పండగ, సరిగ్గా బండికి గాలి కావలసిన సమయం. పూజ పేరుతోనైనా తలుపులు తెరుచుకుంటాయి.

"ఆయుధపూజకా మామా? మేం బాలికి పోతాండాం. టికెట్లు అయిపోయినాయి."

"బండి పెట్టుకుని విమానంలో పోతావేందిరా?"

"సముద్రం మీద అది పోదు కదా మామా" అన్నాడు వాడు, తాళంచెవి నా చేతిలో పెడుతూ.

గుమ్మడికాయ ఇప్పుడే తెచ్చుకుంటే నయం, పండగ ముందు రోజు కె.ఆర్. మార్కెట్‌లో ధర నాలుగింతలు చెబుతారు. ఆటోవాణ్ణి అడిగితే హోసకోటె దాకా మీటరు మీద రానన్నాడు. బస్సులో పోదామంటే, పసుపు కుంకుమ, అరటి పిలకలు, గుమ్మడికాయ పట్టుకుని ఈ వయసులో రెండు బస్సులు మారలేనని మా ఆవిడ అంటోంది.